ఎస్‌ఈసీలో ఎవరి షెడ్యూల్ కష్టం? నాలుగు 7-1 టీముల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం

ఒక పిల్లాడు ఆస్టిన్‌లో (టెక్సస్ యూనివర్సిటీ), ఇంకొకడు కాలేజ్ స్టేషన్‌లో (టెక్సస్ ఏ అండ్ ఎం) చదివే ఇళ్లు టెక్సస్‌లో మన వాళ్లలో చాలానే ఉన్నాయి, ఆ ఇళ్లల్లో నవంబర్ వచ్చిందంటే కాలేజ్ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) మీద ఒకటే గొడవ, "మీది ఈజీ షెడ్యూల్ రా" "పోరా, మీరు ఫ్లోరిడాతోనే ఓడారు" అని. అటు అట్లాంటా వైపు ఉంటే జార్జియా, అలబామా మీద ఇదే గోల. ఈ గొడవలో ఎవరు కరెక్టో చెప్పొచ్చు, కాకపోతే ముందు దేంతో కొలుస్తున్నామో తేల్చుకోవాలి, ఎందుకంటే కొలత మార్చగానే జవాబు మారిపోతుంది. ఇక్కడ ఎస్‌ఈసీనే (ఈ యూనివర్సిటీలన్నీ ఉన్న సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్, అంటే తమలో తాము ఆడుకునే టీముల గుంపు) తీసుకుంటున్నా, ఎందుకంటే 2025లో అక్కడ జరిగింది చూస్తే ఈ సబ్జెక్ట్ మొత్తం అర్థమైపోతుంది.

ఆ ఏడాది కాన్ఫరెన్స్ గేములు అయ్యేసరికి నాలుగు టీములు 7-1 (ఏడు గెలుపులు, ఒక ఓటమి) దగ్గర ఆగాయి: అలబామా, జార్జియా, ఓల్ మిస్, టెక్సస్ ఏ అండ్ ఎం. అట్లాంటాలో ఫైనల్ ఆడేది ఇద్దరే. మామూలుగా అయితే ఎవరు ఎవర్ని ఓడించారో చూసి తేల్చేస్తారు, కానీ ఇక్కడ అలబామా జార్జియాని ఓడించింది, జార్జియా ఓల్ మిస్‌ని ఓడించింది, ఏ అండ్ ఎం అయితే ఈ ముగ్గురిలో ఒక్కరితోనూ ఆడనే లేదు. పోనీ నలుగురూ ఆడిన కామన్ టీమ్ ఏదైనా ఉందా అంటే అదీ లేదు, ఒక్కటంటే ఒక్కటి లేదు. దాంతో టైబ్రేకర్ రూల్స్‌లో (సమానంగా ఉన్నవాళ్లని విడదీసే రూల్స్) తర్వాతి మెట్టుకి వెళ్లారు, అంటే నువ్వు ఆడిన ఎనిమిది టీములూ కాన్ఫరెన్స్‌లో మొత్తం ఎన్ని గెలిచాయి అన్నది. ఒక్కో టీమ్‌కి 8 గేములు కాబట్టి మొత్తం 64లో లెక్క. అలబామా ఆడినవాళ్లు 32 గెలిచారు, జార్జియా ఆడినవాళ్లు 30, ఓల్ మిస్‌కి 22, ఏ అండ్ ఎంకి 18. అంతే, అలబామా, జార్జియా ఫైనల్‌కి వెళ్లాయి, జార్జియా 28-7తో కప్పు పట్టుకుపోయింది. షెడ్యూల్ కష్టం అన్నది టీ తాగుతూ వాదించుకునే టాపిక్ అనుకుంటాం గానీ ఇక్కడ ఫైనల్‌లో ఎవరు ఆడాలో అదే డిసైడ్ చేసింది.

అసలు ఒకే కాన్ఫరెన్స్‌లో ఇంత తేడా ఎందుకొస్తుందంటే, 2024లో టెక్సస్, ఓక్లహోమా వచ్చి చేరాక ఎస్‌ఈసీలో 16 టీములయ్యాయి, డివిజన్లు ఎత్తేశారు, ఆడేది మాత్రం 8 గేములే. అంటే 15 మందిలో 7గురి మొహం కూడా చూడకుండానే సీజన్ అయిపోతుంది. మన ఐపీఎల్‌లోనూ ఇలాంటిదే ఉంది, 10 టీముల్లో ఒక్కో టీమ్ ఐదుగురితో రెండేసి సార్లు, నలుగురితో ఒక్కోసారే ఆడుతుంది, కానీ అక్కడ కనీసం అందరూ అందరితో ఒక్కసారైనా ఆడతారు. ఇక్కడ అదీ లేదు కాబట్టి ఆ ఎనిమిది పేర్లు ఎవరివి పడ్డాయి అన్నదాని మీదే చాలా వరకు ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు కొలతల దగ్గరికొద్దాం. అన్నింటికంటే ఎక్కువ కనిపించేదీ, నా దృష్టిలో అన్నింటికంటే పనికిరానిదీ, సీజన్ మొదలవ్వకముందు వచ్చే లిస్టులు. ఆగస్టులో ర్యాంకులు చూసి, లేదా పోయినేడు ఎదుటివాళ్లు ఎన్ని గెలిచారో కూడేసి, "ఈసారి దేశంలోకెల్లా కష్టమైన షెడ్యూల్ వీళ్లదే" అని రాసేస్తారు. 2025 ఆగస్టులో ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ) ర్యాంకులు పట్టుకుని ఏ అండ్ ఎం షెడ్యూల్ చూడండి: టెక్సస్ 1, ఎల్‌ఎస్‌యూ 9, సౌత్ కరొలైనా 13, ఫ్లోరిడా 15. ఎనిమిదింట్లో నాలుగు టాప్ 15లో ఉన్న టీములు, చూస్తే అమ్మో అనిపిస్తుంది. సీజన్ అయ్యేసరికి కాన్ఫరెన్స్‌లో ఎల్‌ఎస్‌యూ 3-5, ఫ్లోరిడా 2-6, సౌత్ కరొలైనా 1-7, ఒక్క టెక్సస్ మాత్రమే 6-2తో నిలబడింది. మిగతా నలుగురిలో మిజోరీ 4-4, ఆబర్న్ 1-7, మిసిసిపీ స్టేట్ 1-7, ఆర్కన్సా అయితే 0-8. ఇంకోపక్క ఆగస్టులో ర్యాంకే లేని వాండర్‌బిల్ట్ కాన్ఫరెన్స్‌లో 6-2తో, మొత్తం మీద 10-2తో ముగించింది, అంటే ఆగస్టులో వాండర్‌బిల్ట్ పేరు చూసి హమ్మయ్య అనుకున్న టీములన్నీ అక్టోబర్‌లో చెమటలు పట్టించుకున్నాయి.

ఇంకో ముక్క చెప్పాలి, ఇది చాలామంది గమనించలేదు. ఎస్‌ఈసీ 2024లోనూ 2025లోనూ ఒక్కో టీమ్‌కి అవే ఎనిమిది ప్రత్యర్థుల్ని ఇచ్చింది, ఎవరి ఊళ్లో ఆడాలన్నది మాత్రం తిరగేసింది. కాబట్టి ఒకే ఎనిమిది పేర్లు రెండేళ్లు వరసగా ఎంత కష్టమయ్యాయో పక్కపక్కన పెట్టి చూసే ఛాన్స్ దొరికింది, ఇలాంటిది మళ్లీ మళ్లీ దొరకదు. ఏ అండ్ ఎం ఆడిన ఎనిమిది మందీ 2024లో 31 గేములు గెలిచారు, అదే ఎనిమిది మంది 2025లో 18. టెక్సస్‌ది సరిగ్గా రివర్స్, 2024లో ఆ ఎనిమిది మందికి కలిపి 24, 2025లో 31. జార్జియాకి రెండేళ్లూ 30, కదల్లేదు. ఓల్ మిస్‌ది 26 నుంచి 22కి, అలబామాది 34 నుంచి 32కి దిగింది. పేర్లు మారలేదు, కోచ్‌లు కూడా చాలాచోట్ల వాళ్లే, కానీ ఒక టీమ్ షెడ్యూల్ సగానికి దగ్గరగా తేలికైపోయింది, ఇంకో టీమ్‌ది బాగా బరువెక్కింది. కాబట్టి 2024లో "టెక్సస్‌కి ఈజీ షెడ్యూల్ ఇచ్చారు" అన్నవాళ్లూ కరెక్టే, 2025లో "టెక్సస్‌ది కష్టం" అన్నవాళ్లూ కరెక్టే, ఎస్‌ఈసీ ఆఫీసులో కూర్చుని ఎవరూ కుట్ర చేయలేదు.

సరే, సీజన్ అయిపోయాక లెక్క వేస్తున్నాం అనుకోండి, అప్పుడు ఎదుటివాళ్ల గెలుపులు కూడటం మంచి పద్ధతే, పెన్ను కాగితం చాలు. కానీ అందులో ఒక బొక్క ఉంది. ఎదుటివాళ్ల గెలుపుల్లో నీ మీద గెలిచినవి కూడా ఉంటాయి కదా, అంటే నువ్వు ఎంత ఎక్కువ ఓడితే నీ షెడ్యూల్ అంత కష్టంగా కనపడుతుంది! 2025లో ఆర్కన్సా ఆడినవాళ్లు మొత్తం 33 గెలిచారు, టెక్సస్ ఆడినవాళ్లు 31. చూస్తే ఆర్కన్సాదే కష్టం అనిపిస్తుంది. కానీ ఆ 33లో 8 ఆర్కన్సా మీద గెలిచినవే, అవి తీసేస్తే, ఆర్కన్సాతో ఆడిన 8 గేములూ పోగా, 56కి 25 మిగులుతాయి. టెక్సస్ ఓడింది రెండే కాబట్టి 31లో రెండు తీస్తే 56కి 29. లెక్క తిరగబడింది. ఎప్పుడైనా రెండు టీముల్ని పోల్చేటప్పుడు వాటి రికార్డులు దూరంగా ఉంటే ఈ తీసివేత చేయకుండా మాట్లాడొద్దు, రికార్డు ఒకటే అయితే మాత్రం పర్లేదు, ఎందుకంటే నాలుగు 7-1 టీములకీ తీసేది ఒక్కొక్కటే. అందుకే ఎస్‌ఈసీ టైబ్రేకర్‌లో ఆ పద్ధతి పెట్టినా అన్యాయం ఏమీ జరగలేదు.

ఆ తీసివేత చేశాక 2025 ఎస్‌ఈసీలో అందరికంటే కష్టమైన షెడ్యూల్ ఎవరిదో తెలుసా, సౌత్ కరొలైనాది, 56కి 35. వాండర్‌బిల్ట్, అలబామా, ఓల్ మిస్, ఏ అండ్ ఎం, ఓక్లహోమా అందరూ వాళ్లకే పడ్డారు, అంటే ఆరు అంతకంటే ఎక్కువ గెలిచిన ఏడు టీముల్లో ఐదు. తర్వాత ఆబర్న్ 32. ఆ వెనక అలబామా, ఓక్లహోమా, ఎల్‌ఎస్‌యూ, ఫ్లోరిడా తలా 31. అందరికంటే తేలిక ఏ అండ్ ఎం, 17. ఆ పైన ఓల్ మిస్ 21. సౌత్ కరొలైనాకి ఏ అండ్ ఎంకి మధ్య తేడా చూడండి, రెట్టింపు కంటే ఎక్కువ, అదీ ఒకే కాన్ఫరెన్స్‌లో. సౌత్ కరొలైనా 1-7 అయింది కదా అని వాళ్ల కోచ్‌ని తిట్టేముందు ఈ నంబర్ ఒకసారి చూడాలి, అంత మాత్రాన 1-7 కి సాకు దొరికిందని కాదు, కాలేజ్ స్టేషన్‌లో సగం ఆట అయ్యేసరికి 30-3 లీడ్‌లో ఉండి 31-30తో ఓడిపోయారు, దానికి షెడ్యూల్ ఏం చేస్తుంది.

ఈ కాగితం లెక్కకి పట్టనిది ఏంటంటే ఎవరితో ఆడావన్నది సరే, ఎక్కడ ఆడావ్ అన్నది. ఎస్‌ఈసీలో లక్షకు పైగా పట్టే స్టేడియంలు చాలానే ఉన్నాయి, ఆ రొదలో క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపించేవాడు) పిలుపు పక్కనున్నవాడికే వినపడదు, కాబట్టి అదే టీమ్ ఇంట్లో ఒక రకం, బయట ఒక రకం. ఈ కోణంలో నాలుగు 7-1 టీముల్నీ చూస్తే బొమ్మ కాస్త మారుతుంది. జార్జియాకి 2025లో పడిన పెద్ద టీములు మూడు, అలబామా, ఓల్ మిస్, టెక్సస్, మూడూ జార్జియా సొంతూరు ఏథెన్స్‌కే వచ్చి ఆడాయి. టెనసీకి మాత్రం వెళ్లాల్సొచ్చింది, అక్కడ ఓవర్‌టైమ్‌లో 44-41తో బయటపడ్డారు. అలబామా అదే జార్జియా మీద ఏథెన్స్‌కి వెళ్లి ఆడి గెలిచింది, అప్పటికి జార్జియా సొంత స్టేడియంలో వరసగా 33 గేములు గెలిచి ఉంది. కాబట్టి 32కి 30కి తేడా రెండే అయినా, నన్నడిగితే అలబామా షెడ్యూల్ జార్జియా కంటే రెండు మెట్లు పైనే. ఓల్ మిస్ సంగతి ఇంకో రకం, వాళ్లకి ఉన్న గట్టి గేములు రెండే, జార్జియా, ఓక్లహోమా, రెండూ బయటే, రెండూ వరస వారాల్లోనే. ఒకటి ఓడి ఒకటి గెలిచారు. ఇంట్లో ఆడినవాళ్లు ఆర్కన్సా, ఎల్‌ఎస్‌యూ, సౌత్ కరొలైనా, ఫ్లోరిడా, నలుగురికీ కలిపి 6 గెలుపులు. ఏ అండ్ ఎం ఇంట్లో ఆడిన నలుగురికీ కలిపి 5. ఏ అండ్ ఎంకి బయట ఆర్కన్సా, ఎల్‌ఎస్‌యూ, మిజోరీ వరసగా మూడు పడ్డాయి, మధ్యలో ఒక బై వీక్ (ఆట లేని వారం), ఆఖర్న ఆస్టిన్. ఆ ఆఖరిదే ఓడారు, 27-17.

టెక్సస్‌కి ఇంకో చిక్కుంది. ఓక్లహోమాతో గేమ్ ప్రతి ఏడాదీ డాలస్‌లో స్టేట్ ఫెయిర్ జరిగేటప్పుడు కాటన్ బౌల్‌లోనే, అంటే ఇంట్లో ఆడే ఒక కాన్ఫరెన్స్ గేమ్ రెండేళ్లకోసారి పోతుంది. 2025లో ఫ్లోరిడా, డాలస్, కెంటకీ, మిసిసిపీ స్టేట్ అని అక్టోబర్ మొత్తం ఆస్టిన్‌లో ఒక్క గేమ్ లేదు. ఫ్లోరిడాలో 29-21తో ఓడారు, కెంటకీలో ఓవర్‌టైమ్, మిసిసిపీ స్టేట్‌లో మళ్లీ ఓవర్‌టైమ్. కెంటకీ, మిసిసిపీ స్టేట్ పేర్లు చూస్తే రెండు తేలిక గేములు అనుకుంటాం, కానీ నెల రోజులు సూట్‌కేసులో బతికే పిల్లలకి అవేం తేలిక కాదు. ఇది ఏ 64 లెక్కలోనూ కనపడదు.

వరస కూడా అంతే. అలబామా 2025లో సెప్టెంబర్ 27 నుంచి అక్టోబర్ 18 దాకా జార్జియా, వాండర్‌బిల్ట్, మిజోరీ, టెనసీ, నాలుగు వారాలు నాలుగు ర్యాంకు టీములు, మధ్యలో విశ్రాంతి లేదు. నాలుగూ గెలిచారు, ఐదో వారం సౌత్ కరొలైనా మీద, అప్పటికే ఓడుతూ వస్తున్న టీమ్ మీద, 29-22తో అతి కష్టం మీద బయటపడ్డారు. ఆ సౌత్ కరొలైనా గేమ్‌ని విడిగా చూస్తే ఈజీ గేమ్, వరసలో చూస్తే కాదు. 2024లో ఫ్లోరిడాకి ఆఖరి ఐదు వారాలు జార్జియా, టెక్సస్, ఎల్‌ఎస్‌యూ, ఓల్ మిస్, ఫ్లోరిడా స్టేట్ అని పడ్డాయి, అప్పుడు అందరూ వాళ్ల పని అయిపోయిందన్నారు, వాళ్లేమో ఆఖరి మూడూ గెలిచి 7-5 అయ్యారు.

అదే ఫ్లోరిడాలో ఇంకో పాయింట్ ఉంది, నువ్వు ఎదుటివాణ్ణి ఏ వారం పట్టుకున్నావు అన్నది. జార్జియా గేమ్‌లో వాళ్ల ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) క్వార్టర్‌బ్యాక్ డీజే లాగ్వేకి దెబ్బ తగిలింది, తర్వాతి వారం టెక్సస్ మీద ఆడలేదు, టెక్సస్ 49-17తో తొక్కేసింది. ఆ తర్వాత వారం తిరిగొచ్చాడు, ఎల్‌ఎస్‌యూ ఓడింది, ఓల్ మిస్ కూడా ఓడింది, ఆ ఓటమే ఓల్ మిస్‌ని ఆ ఏడాది ప్లేఆఫ్‌కి (దేశ ఛాంపియన్‌ని తేల్చే టోర్నీకి) దూరం చేసింది అని చెప్పుకోవచ్చు. ముగ్గురి కాగితం మీదా ఫ్లోరిడా 4-4 అనే ఉంటుంది. ఆడింది మాత్రం ఒకే ఫ్లోరిడాతో కాదు.

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు కంప్యూటర్ రేటింగులు ఉన్నాయిగా, ఇవన్నీ మనకెందుకు అంటారు. ఉన్నాయి, బాగానే ఉంటాయి. ఈఎస్‌పీఎన్ ఎఫ్‌పీఐ ఉంది, బిల్ కానెలీ నడిపే ఎస్‌పీ ప్లస్ ఉంది, ఇవి గెలుపు ఓటములే కాకుండా ఎలా ఆడారు అన్నది చూసి ప్రతి టీమ్‌కి ఒక బలం అంకె ఇస్తాయి, దాన్ని బట్టి షెడ్యూల్ బరువు చెప్తాయి. ప్లేఆఫ్ రాకముందు, పాత బీసీఎస్ పద్ధతి రోజుల్లో అయితే ఎదుటివాళ్ల రికార్డుకి మూడింట రెండొంతులు, ఆ ఎదుటివాళ్లు ఆడినవాళ్ల రికార్డుకి మూడింట ఒక వంతు వేసి లెక్క కట్టేవాళ్లు, కాన్ఫరెన్స్ లోపల పోల్చడానికి అది పెద్దగా పనికిరాదు, ఎందుకంటే అందరూ ఒకే గుంపులో ఆడుకుంటూ ఉంటే రెండో అంకె అందరికీ దగ్గరదగ్గరగా వచ్చేస్తుంది. నాకు నచ్చేది స్ట్రెంత్ ఆఫ్ రికార్డ్ అనే పద్ధతి, అది షెడ్యూల్ ఎంత కష్టం అని అడగదు, ఒక మామూలు టాప్ 25 టీమ్‌ని తీసుకెళ్లి ఈ షెడ్యూల్‌లో కూర్చోబెడితే ఇంత రికార్డు తెచ్చే అవకాశం ఎంత అని అడుగుతుంది. మనం నిజంగా తెలుసుకోవాలనుకునేది అదే కదా. 2025 సీజన్‌కి ముందు ప్లేఆఫ్ కమిటీ కూడా తాము వాడే అంకెల్లో రికార్డ్ స్ట్రెంత్ అని ఒకటి చేర్చుకుంది, పెద్ద టీమ్‌తో ఓడితే తక్కువ దెబ్బ, చిన్న టీమ్‌తో ఓడితే ఎక్కువ దెబ్బ అన్నట్టు.

సగటు అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త. రెండు షెడ్యూళ్లు ఊహించుకోండి, ఒకదాంట్లో రెండు గేములు సగం సగం ఛాన్స్, మిగతా ఆరు 97 శాతం గెలిచేవి. రెండోదాంట్లో ఎనిమిదీ 85 శాతం గెలిచేవి. మొత్తం గెలుపులు అంచనా వేస్తే రెండింట్లోనూ 6.8 చిల్లరే, సగటు చూసేవాడికి రెండూ ఒకటే. కానీ 8-0 వచ్చే ఛాన్స్ మొదటిదాంట్లో 21 శాతం, రెండోదాంట్లో 27. అంటే ఓటమే లేకుండా బయటపడాలనుకునే టీమ్‌కి రెండు కొండలున్న షెడ్యూలే ప్రమాదం. అదే బౌల్ గేమ్‌కి (సీజన్ చివర ఆడే అదనపు గేమ్) 6 గెలుపులు చాలనుకునే చిన్న టీమ్‌కి ఉల్టా, వాళ్లకి జార్జియా ఉన్నా అలబామా ఉన్నా పెద్ద తేడా లేదు, ఎటూ ఓడేవే, వాళ్లని చంపేది మధ్యలో ఉండే టీములు ఎక్కువ పడటం. కాబట్టి "ఎవరి షెడ్యూల్ కష్టం" అని ఎవరైనా అడిగితే "ఎవరికి కష్టం" అని తిరిగి అడగాల్సిందే. ఓల్ మిస్ షెడ్యూల్‌ని 2025లో మిసిసిపీ స్టేట్ చేతికిస్తే పండగ చేసుకునేవాళ్లు, వాళ్లకి తీసివేత తర్వాత కూడా 30 పడింది పాపం.

కాన్ఫరెన్స్ బయట ఆడేవి ఇందులో కలపాలా వద్దా అన్నది ఇంకో గొడవ. కాన్ఫరెన్స్ ఫైనల్ ఎవరు ఆడాలి అన్నదానికైతే కలపొద్దు, టైబ్రేకర్‌లోనూ కలపరు. కానీ ప్లేఆఫ్ గురించి అయితే కలపక తప్పదు, అప్పుడు ఏ అండ్ ఎం మీద కొంచెం జాలి చూపించాలి, వాళ్లు సౌత్ బెండ్ వెళ్లి నోటర్‌డామ్‌ని 41-40తో ఓడించి వచ్చారు. టెక్సస్ ఒహాయో స్టేట్ దగ్గరికి వెళ్లి 14-7తో ఓడింది, అలబామా ఫ్లోరిడా స్టేట్ చేతిలో 31-17తో ఓడింది, ఆ ఫ్లోరిడా స్టేట్ ఆ తర్వాత 5-7తో పోయింది. పెద్ద టీమ్‌తో పెట్టుకుని ఓడిన టెక్సస్ 9-3తో ప్లేఆఫ్ బయటే ఉండిపోయింది, దాంతో ఇక పెద్దవాళ్లతో ఎవరు ఆడతారు అని ఆస్టిన్‌లో గట్టిగానే అన్నారు. నాకు ఆ వాదన సగమే ఎక్కుతుంది, ఎందుకంటే వాళ్లని ముంచింది ఒహాయో కాదు, కాన్ఫరెన్స్‌లో 2-6 అయిన ఫ్లోరిడా.

ఇంకొకటి కలిపేయకండి, తేలిక షెడ్యూల్ అంటే టీమ్ వీక్ అని కాదు. ఆ 22 అంకె చూసి ఓల్ మిస్‌ని తీసిపారేసినవాళ్లు జనవరి 1న ప్లేఆఫ్‌లో భాగంగా జరిగిన షుగర్ బౌల్ చూశారు, అట్లాంటా ఫైనల్ గెలిచొచ్చిన జార్జియాని ఓల్ మిస్‌వాళ్లు 39-34తో ఇంటికి పంపించారు, అక్టోబర్‌లో వాళ్ల చేతిలో 43-35తో ఓడినవాళ్లే. ఏ అండ్ ఎం విషయంలో అంకె చెప్పినట్టే అయింది, ప్లేఆఫ్‌లో సొంత స్టేడియంలోనే మయామీ చేతిలో 10-3తో ఓడింది. షెడ్యూల్ నంబర్ చెప్పేది ఈ టీమ్ గురించి మనకి ఎంత తెలిసింది అన్నది మాత్రమే, గట్టివాళ్లతో ఆడనివాడి గురించి తెలిసింది తక్కువ. ఓల్ మిస్ గురించి ఎక్కువ తెలియదు అనాల్సింది పోయి మంచి టీమ్ కాదు అనేశారు.

కాబట్టి ఏది వాడాలంటే, మీ పని బట్టి. ఆగస్టులో కూర్చుని ఏ టీమ్ ఎన్ని గెలుస్తుందో చూసుకుంటున్నారా, అయితే ర్యాంకుల జోలికి పోకుండా ఏదో ఒక పవర్ రేటింగ్ పట్టుకోండి, దాని పక్కన మీరే బయట ఆడే గేములు, వరసగా వచ్చే గట్టివి, ఎదుటివాళ్లు బై తర్వాత వస్తున్నారా అన్నది పెన్సిల్‌తో రాసుకోండి. నవంబర్‌లో ఇంట్లో కొట్టుకుంటున్నారా, ఎదుటివాళ్ల కాన్ఫరెన్స్ గెలుపులు కూడి, మీ మీద గెలిచినవి తీసేయండి, రెండు నిమిషాల పని, ఎవరూ కాదనలేరు. ప్లేఆఫ్‌కి ఎవరు అర్హులు అంటే స్ట్రెంత్ ఆఫ్ రికార్డ్. టికెట్లు కొనుక్కుని ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఒక మంచి గేమ్ చూపిద్దాం అనుకుంటే వీటిలో ఏదీ అక్కర్లేదు, గట్టివాళ్లు ఇంటికొచ్చే ఏడాది ఏదో చూస్తే చాలు, 2025లో ఏథెన్స్‌కి ఆ అదృష్టం పట్టింది. ఇక నలుగురిలో నా వరస అడిగితే అలబామా, జార్జియా, ఓల్ మిస్, ఏ అండ్ ఎం, టైబ్రేకర్ ఇచ్చిన వరసే. కాకపోతే ఓల్ మిస్‌కి ఏ అండ్ ఎంకి మధ్య 22, 18 అని కనపడే తేడా నాకు చాలా చిన్నది, నోటర్‌డామ్ గేమ్ కూడా కలిపితే ఆ రెండూ అటూ ఇటూ అవ్వొచ్చు కూడా.

2026 నుంచి ఈ లెక్కలన్నీ కొంచెం మారతాయి. ఎస్‌ఈసీ 9 గేములకి వెళ్తోంది, అందులో ముగ్గురు ప్రత్యర్థులు ప్రతి ఏడాదీ ఫిక్స్, మిగతా ఆరుగురు తిరుగుతూ ఉంటారు. టెక్సస్‌కి ఓక్లహోమా, ఏ అండ్ ఎం, ఆర్కన్సా పడ్డాయి, ఏ అండ్ ఎంకి టెక్సస్, ఎల్‌ఎస్‌యూ, మిజోరీ, అలబామాకి ఆబర్న్, టెనసీ, మిసిసిపీ స్టేట్, జార్జియాకి ఆబర్న్, ఫ్లోరిడా, సౌత్ కరొలైనా. ఆ ఫిక్స్ ముగ్గుర్ని చూసి ఇప్పట్నుంచే ఈజీ, కష్టం అని తీర్పులు చెప్పేస్తున్నారు, 31 ఒక్క ఏడాదిలో 18 అయిన సంగతి మర్చిపోయి. నేనైతే వేరేది చూస్తా. 9 అంటే బేసి సంఖ్య, ఒక టీమ్‌కి ఇంట్లో 5, బయట 4 పడితే ఇంకో టీమ్‌కి ఇంట్లో 4, బయట 5. టెక్సస్ డాలస్‌లోనూ, జార్జియా ఫ్లోరిడాతో న్యూట్రల్ గ్రౌండ్‌లోనూ ఆడేది అందులోంచే తీయాలి, అది లెక్కలో హోమ్ గేమ్‌గా పడే ఏడాదైతే ఇంట్లో నిజంగా ఆడేది ఇంకోటి తగ్గుతుంది. షెడ్యూల్ షీట్ చేతికి రాగానే పేర్లు చదవకముందు ఆ ఒక్క కాలమ్ చూడండి, మీ టీమ్‌కి ఈ ఏడాది 5 పడిందా 4 పడిందా అని.